మందు పెట్టని మచ్చ

మట్టిపనిలో మొదట నేర్చుకోవాల్సింది తవ్వడం కాదు, కొంత తవ్వకుండా వదలడం. గుంత ఎంత లోతు పోయిందో తర్వాత తెలియాలంటే నడుమ అక్కడక్కడా మనిషి నిలబడేంత జాగాలో మట్టిని ముట్టకుండా దిబ్బలా వదిలేస్తాం. దాని నెత్తి మీద పాత గడ్డి అట్లాగే ఉంటుంది. పని అయ్యాక ఆ గడ్డి మీద టేపు పెట్టి కిందికి వదిలితే లోతు తేలిపోతుంది. ఎవరూ వాదించరు. మా దగ్గర దాన్ని సాక్షి అంటారు. కొలత అయ్యాక దాన్ని కూడా తవ్వేస్తారు.

నేను బడి మధ్యలో వదిలేసినవాణ్ణి. లెక్కలు మట్టిలోనే నేర్చుకున్నాను. తెలంగాణ వచ్చిన కొత్తలో చెరువుల్లో పూడిక తీసే పనులు జోరుగా నడిచినప్పుడు నకిరేకల్ చుట్టుపక్కల మేస్త్రీలు నన్ను పిలిపించుకుని కొలతలు వేయించుకునేవాళ్ళు. గుంత ఎంత వంకరగా ఉన్నా ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు పొడవు, వెడల్పు, లోతు కట్టి, కూడి చెప్పేవాణ్ణి. నేను కొలిచిన గుంతను మళ్ళీ ఎవరూ కొలిచేవాళ్ళు కాదు. దేన్నైనా ఇట్లాగే కొలవవచ్చని నేను అనుకోవడానికి అదే కారణం అయి ఉంటుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు నా భార్య చేతుల మీద నా లెక్క తప్పింది. ఎక్కడ తప్పిందో కొంత తెలిసింది. మిగతాది ఇప్పటికీ తెలియదు.

నా భార్య మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమెతో పాటు రెండో వంటామె ఉంది, వయసులో చిన్నది. నా భార్యను అక్కా అని, నన్ను బావా అని పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు ఒక్కటే. కరోనా పోయి బళ్ళు మళ్ళీ ఎప్పట్లాగే జూన్‌లో తెరిచిన ఏడాది వానలు బాగా పడ్డాయి. ఆరేసిన బట్ట ఆరేది కాదు. బడిలో అందరికీ చేతులు కడుక్కునే పట్టింపు ఎక్కువైంది. బియ్యం కడగడం, ఆకుకూర కడగడం, గిన్నెలు తోమడం, మళ్ళీ సబ్బుతో చేతులు కడగడం. నా భార్య చేతులు పొద్దంతా నీళ్ళలోనే ఉండేవి. ముందు వేళ్ళ సందుల్లో తెల్లగా నానింది. తర్వాత రెండు మణికట్ల మీద ఎర్రటి గుండ్రాలు లేచాయి. అంచు ఉబ్బి, నడుమ పలచబడి, చుట్టూ చిన్న పొక్కులు. కుడి మోచేతికి కొంచెం కింద ఇంకొకటి. తామర అని చూడగానే ఎవరైనా చెబుతారు.

అన్నం వడ్డిస్తుంటే హెడ్‌మాస్టరమ్మ చూసింది. పిల్లల ముందు ఏమీ అనలేదు. అందరూ తిని పోయాక పిలిచి చెప్పింది.

"నీ మీద కోపం లేదమ్మా. ఏ తల్లన్న వచ్చి అడిగితే నేనేం చెప్పాలె? తగ్గినంక రా. దసరా సెలవులయి బడి తెరిచేనాటికి కూడ తగ్గకపోతే మాత్రం ఇంకొకామెను పెట్టుకోక తప్పదు."

ఇంటికి వచ్చి నా భార్య ఆ చివరి మాటనే పట్టుకుంది. "ఇంకొకామె అంట" అని గిన్నె కడిగేటప్పుడు అంది, పొయ్యి ముట్టించేటప్పుడు అంది. ఆ బడిలో ఏ పిల్ల పప్పులో మిరపకాయ పక్కకు తీస్తుందో, ఏ పిల్లవాడు ఆకలి ఉన్నా రెండోసారి అడగడానికి సిగ్గుపడతాడో ఆమెకు తెలుసు. ఊళ్ళో ఆమె నా భార్యగా కంటే వంటమ్మగానే ఎక్కువమందికి తెలుసు. ఇంకొకామె వస్తే ఆ పిలుపు కూడా పోతుంది. దసరాలోపల చేతులు బాగు కావాలి. మా ఇంట్లో ఆ వానాకాలమంతా ఉన్న ఫికర్ అదొక్కటే.

నేను నకిరేకల్ పోయి మందుల షాపులో చేతులు ఎట్లా ఉన్నాయో చెప్పి ట్యూబు తెచ్చాను. అదే రోజు పాలమూరు నుంచి నా భార్య చిన్నమ్మ దిగింది. చేతికి బాగా లేదని ఎవరో ఫోను చేశారట. సంచిలో తడి గుడ్డలో చుట్టిన ఆకు, సీసాలో కానుగ నూనె తెచ్చింది.

ఆ ఆకు మీరందరూ చూసిందే. వాన పడగానే బాట పక్కన మొలుస్తుంది. ఆకుల కొసలు గుండ్రంగా ఉంటాయి, పూలు పసుపుపచ్చ, కాయ సన్నగా పొడుగ్గా. పేరు రాయను. పేరు చెబితే మందు పారదని ఆ చిన్నమ్మ వాళ్ళింటి కట్టుబాటు. పారడం అంటే పని చేయడం. పొద్దు పొడవకముందే తెంపాలి, తెంపేటప్పుడు మాట్లాడవద్దు, మందు ఇచ్చినవాళ్ళకు తిరిగి ఏమీ ఇవ్వవద్దు. ఆమె ఉన్నంతకాలం పేరు బయట పెట్టనని ఆ రోజే నాతో మాట తీసుకుంది.

రోట్లో ఆకు, పసుపుకొమ్ము వేసి నూరుతుంటే నేను పక్కన కూర్చున్నాను.

"ఆకు ఎంత అత్తమ్మా?"

"పిడికెడు."

"ఎవరి పిడికెడు?"

"రోగం ఎవరికైతే వాళ్ళ పిడికెడు."

"నూనె?"

"నూరినదాన్ని తడిపేటంత."

"అంటే ఎన్ని చుక్కలు?"

ఆమె నూరడం ఆపి నా భార్య వైపు చూసింది. "వీనికి అన్నం గూడ మెతుకులు లెక్కబెట్టి పెడుతున్నవా బిడ్డా?"

నా భార్య చేతులు దురదపెడుతున్నా నవ్వింది.

పిడికెడు అనే కొలత నాకు నచ్చలేదు. కానీ పడుకోబోయే ముందు ఆలోచిస్తే దాన్ని కొట్టేయడానికి కూడా వీల్లేకపోయింది. పెద్ద మనిషికి పెద్ద పిడికిలి, పెద్ద తోలు, ఎక్కువ మందు. పిల్లకు తక్కువ. లెక్క ఉన్నట్టే ఉంది, అంకె మాత్రం లేదు. నా తికమక అక్కణ్ణుంచే మొదలైంది.

తెల్లారి ఇద్దరికీ వాదన వచ్చింది. ట్యూబు పెట్టాలని నేను, పసరు పెట్టాలని చిన్నత్తమ్మ. అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. నాకు చాలా తెలివైనదిగా కనిపించింది. కుడి మణికట్టుకు పసరు, ఎడమ మణికట్టుకు ట్యూబు. మోచేతి కింద ఉన్న మచ్చకు ఏమీ పెట్టవద్దు.

"దానికెందుకు పెట్టొద్దు?" అంది నా భార్య.

"అది సాక్షి. మందు లేకుంటే రోగం ఎంతుండేదో అది చెప్తది. దానితో పోల్చుకుంటేనే ఏ మందు ఎంత లోతు తవ్విందో తెలుస్తది."

"నా చేతులా, నీ చెరువా?"

"ఏది పారుతుందో తెలిస్తే రెండు చేతులకూ అదే పెడుదాం. దసరాలోపల కావాల్నా వద్దా?"

దసరా పేరు ఎత్తేసరికి ఒప్పుకుంది. చిన్నత్తమ్మ మాత్రం పసరు గిన్నె చేతికిచ్చి, "మందును పరీక్ష పెడితే అలుగుతది" అని ఊరికి బస్సెక్కింది. వెళ్ళే ముందు మా వెనక గోడ పక్కన మొలిచిన ఆ చెట్లను వేలితో చూపించింది. పేరు అప్పుడు కూడా చెప్పలేదు.

నేను సన్నటి దారం తీసుకుని మచ్చలకు అడ్డంగా పెట్టి కొలిచేవాణ్ణి. ముందు ఎడమ చేయి మారింది. ట్యూబు పెట్టిన చోట ఎరుపు ఇట్టే పోయింది, దురద ఆగింది, అంచు కూడా మాయమైంది. కుడి చేతి మీద పసరు పెట్టిన మచ్చ మెల్లగా చప్పబడింది. దురద తగ్గిందని ఆమె అంది, కానీ దారం పెడితే పెద్ద తేడా లేదు. ఇక్కడిదాకా నాకు అర్థమైంది. ట్యూబు గెలిచింది. ఆ మాట చిన్నత్తమ్మకు ఎట్లా చెప్పాలా అని కూడా అనుకున్నాను.

తర్వాత సాక్షిని కొలిచాను. అది కూడా తగ్గింది.

మళ్ళీ కొలిచాను. దారం తప్పు పెట్టానేమోనని కొత్త దారం తెచ్చాను. తేడా లేదు. ఏమీ పెట్టని మచ్చ, పసరు పెట్టిన మచ్చంత తగ్గింది. మట్టిపనిలో ఇట్లా ఎప్పుడూ జరగదు. గుంత తవ్వుతుంటే సాక్షి దానంతట అది కుంగడం నేను చూడలేదు. సాక్షి కుంగిందంటే నేలే కుంగినట్టు. అంటే రోగమే దానంతట అది పోతున్నదా? అట్లయితే పసరు చేసింది ఏమీ లేదా? ట్యూబు చేసింది ఎంత? రోగం తనంతట తాను తగ్గిన వాటా తీసేస్తే మందు వాటా ఎంత మిగులుతుంది? నాకు తీసివేత వచ్చు, కానీ దేనిలోంచి దేన్ని తీయాలో తెలియలేదు.

కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. రెండు మందులూ ఆపుదాం. దానంతట అదే పోయేదైతే అదే పోతుంది, కాకపోతే తెలుస్తుంది.

"తగ్గుతున్నప్పుడు ఎవరన్న ఆపుతరా?" అంది ఆమె.

"తగ్గేది మందుతోనా కాదా అని..."

"దేనితోనైతే నాకేంది? తగ్గితే చాలు నాకు."

ఆమె మాటలో తప్పు లేదు, నా మాటలో కూడా నాకు తప్పు కనబడలేదు. ఆమె ఆపింది. నా మాట విని ఆపిందో, ఎడమ చేయి బాగైంది కదా అని ఆపిందో తెలియదు.

వినాయక చవితి దాటేసరికి ఎడమ చేయి తిరగబడింది. ఒక గుండ్రం పోయిన చోట గుండ్రంలో గుండ్రం లేచింది. మణికట్టు దాటి ముంజేతి మీదికి పాకింది. తోలు పలచబడి మెరుస్తున్నది. ఏ చేతిని నేను గెలిచిందన్నానో అదే అన్నిటికంటే అధ్వాన్నమైంది. ఆమె వచ్చి నా ముందు కూర్చుంది. చేయి ముందుకు చాపి, "కొలువు" అంది. నేను దారం తీయలేదు.

మర్నాడు నల్లగొండ పెద్ద దవాఖానకు పోయాం. చర్మం డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడింది. ట్యూబు చూపించమంటే ఇచ్చాను. వెనక అక్షరాలు చదివి పక్కన పెట్టింది.

"ఇందులో ఎరుపునీ దురదనీ అణిచిపెట్టే మందు కలిపి ఉంది. పైకి తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల అది పెరుగుతూనే ఉంటుంది. ఆపగానే ఇట్లా లేస్తుంది. ఇది ఇక పెట్టకండి."

తర్వాత కుడి చేయి చూసింది. పసరు సంగతి చెప్పాను. ఆకు పేరు చెప్పమంటే, చెప్పకూడదన్నాను. ఆమె నవ్వి వదిలేసింది. తర్వాత మోచేతి కింద మచ్చ మీద వేలు పెట్టింది.

"దీనికి ఏం పెట్టారు?"

"ఏం పెట్టలేదు మేడం. అది సాక్షి."

సాక్షి అంటే ఏంటో ఆమెకు చెప్పాల్సి వచ్చింది. చెరువు, గుంత, టేపు అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నది. నేను చెబుతుండగానే నా భార్యకు దురద పుట్టింది. ఎడమ చేతి గోళ్ళతో ఆ సాక్షిని బరబరా గోకింది. డాక్టరమ్మ ఆ చేతిని అట్లాగే పట్టుకుని గోళ్ళు కిటికీ వైపు తిప్పింది. పసరు ఆపినా గోళ్ళ సందులు ఇంకా పసుపుపచ్చగా ఉన్నాయి.

"పసరు ఏ చేత్తో పెట్టుకునేదానివమ్మా?"

"కుడి మణికట్టుకు ఎడమ చేత్తోనే కదా మేడం పెట్టుకునేది."

"పెట్టుకున్నాక చేయి కడిగేదానివా?"

"మందు కడిగితే పారదని చిన్నమ్మ కడగొద్దన్నది."

"దీన్ని ఏ చేత్తో గోకేదానివి?"

నా భార్య నా వైపు చూసింది. "దురద పెడితే గోకకుంట ఉంటనా? గోకొద్దని నువ్వు చెప్పలే. మందు పెట్టొద్దనే చెప్పినవ్."

సాక్షికి పసరు పోతూనే ఉందన్నమాట. ఆ మచ్చ చుట్టూ పసుపు మరక నేను చూడకపోలేదు. వంట చేసే మనిషి చేతుల మీద పసుపు ఉండటంలో వింత ఏముందని లెక్కలోకి తీసుకోలేదు. పైగా అదే ఎడమ చేతికి ట్యూబు. రెండు చేతులూ ఒకదాన్నొకటి కడుక్కుంటాయి, రుద్దుకుంటాయి. ఏ మందు ఎక్కడికి ఎంత పోయిందో ఎవరికి తెలుసు? మట్టి దిబ్బకు దురద పుట్టదు.

అయితే అప్పుడు నాకు ఇంకో ఆశ పుట్టింది. సాక్షి తగ్గింది పసరుతో అయితే పసరు పారినట్టే కదా? డాక్టరమ్మనే అడిగాను.

"పారి ఉండొచ్చు. ఇట్లాంటి బూజును అడ్డుకునే గుణం చాలా ఆకుల్లో ఉంటుంది. కానీ మీరు నూరింది ఎంత చిక్కగా ఉందో, తోలు మీద ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. ఈమె చేతులు కొన్ని రోజులుగా బడి వంట నీళ్ళలో నానలేదు కదా, దానివల్ల కూడా తగ్గి ఉండొచ్చు. తెలియనిదాన్ని అవునని ఎట్లా అంటాను, కాదని ఎట్లా అంటాను?"

పెద్ద దవాఖానలో అవును గానీ కాదు గానీ దొరుకుతుందని పోయినవాణ్ణి. రెండూ దొరకలేదు.

ఆమె గోళీలు రాసింది, వేరే ట్యూబు రాసింది. మచ్చ పోయినట్టు కనిపించినా తను చెప్పేదాకా ఆపవద్దని రెండుసార్లు చెప్పింది, రెండోసారి నా వైపు చూసి. బట్టలు వేడినీళ్ళలో వేసి ఎండలో ఆరేయమంది. ఒకరి తువ్వాలు ఒకరు వాడవద్దంది. వానాకాలం తోలు చెప్పు మీద బూజు ఎట్లా పడుతుందో ఇది అట్లా పడుతుందట. వండిన అన్నంతో రాదు, తోలుకు తోలు తాకితే, తడిగుడ్డ పంచుకుంటే వస్తుంది.

"సాక్షికి కూడా మందు పెట్టండి" అంది మేము లేస్తుంటే.

సద్దుల బతుకమ్మ నాటికి ఎరుపు పోయింది, మచ్చలు నల్లగా మిగిలాయి. నా భార్య బతుకమ్మ ఎత్తుకుని పోయింది కానీ చప్పట్లు కొట్టేటప్పుడు పక్కామె కొంచెం జరిగిందట. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పి, చేతులు దీపం దగ్గర పెట్టుకుని చూసుకుంది. "ఇది రోగమా, మరకా?" అని నన్ను అడిగింది. దారంతో కొలిస్తే రెండూ ఒకే వెడల్పు ఉంటాయి.

సెలవులు అయ్యేముందు మళ్ళీ నల్లగొండ పోయాం. డాక్టరమ్మ మచ్చ మీద పొట్టు గీకి గాజుపలక మీద వేసి పరీక్ష చేయించింది. ఏమీ కనబడలేదట. మరక కొన్నాళ్ళు ఉంటుందని, వంటకు పోవచ్చని, గోళీలు మాత్రం ఇంకొన్నాళ్ళు మింగాలని చెప్పి అదే కాగితం మీద రాసి ఇచ్చింది. బడి తెరిచిన రోజు హెడ్‌మాస్టరమ్మ ఆ కాగితం చదివి, చేతులు చూసి, మళ్ళీ కాగితం చూసి, "పప్పు పొయ్యి మీద పెట్టమ్మా" అంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆ వారంలోనే ఒక సాయంత్రం రెండో వంటామె మా వెనక గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. నా భార్య బట్టలు తీస్తున్నది. నేను పక్కనే కట్టెలు పేరుస్తున్నాను. ఆమె చాలాసేపు వానల సంగతి మాట్లాడింది. తర్వాత, "అక్కా, గా ఆకు జర నాక్కూడ ఇయ్యరాదూ" అంది.

"ఎవరికే?"

ఆమె నన్ను చూసింది. నేను అటు తిరిగాను. నా వెనక ఆమె చీర కుచ్చిళ్ళు కొంచెం జరిపి నా భార్యకు చూపించినట్టుంది.

"ఎప్పటిసంది ఉన్నదే ఇది?"

"నీకన్న ముందుగాలనే. నడుము చుట్టుతా. చీర కుచ్చిళ్ళ కింద ఎవరికి కనబడుతది?"

"మరి మసిగుడ్డ?"

ఆ మాటతో నేను కట్టెలు వదిలేశాను. వేడి గిన్నెలు దించే మసిగుడ్డను రెండో ఆమె నడుముకు దోపుకునేది. నా భార్య గిన్నెలు కడిగిన ప్రతిసారీ ఆ గుడ్డకే చేతులు తుడుచుకునేది. ఒకే గుడ్డ, ఎప్పుడూ తడిదే. నేను ఇంట్లో మణికట్లకు దారం పెట్టి కొలుస్తున్నాను, గుంత ఎక్కడ మొదలైందో అటు చూడలేదు. కానీ అది కూడా గట్టిగా చెప్పలేను. ఆమెకు ముందు వచ్చిందన్న మాట నిజమే కావచ్చు, ఆ గుడ్డతోనే వచ్చిందనడానికి నా దగ్గర ఏముంది?

"బడి మేడంకు చెప్పకక్కా" అంది ఆమె.

నా భార్య దండెం మీది చీర లాగింది. ఆ వానాకాలమంతా ఇంట్లో కూర్చున్నది తను. ఇంకొకామె, ఇంకొకామె అని మెతుకు మింగుడుపడనిది తనకే. ఆరిన చీర మడత పెట్టి భుజం మీద వేసుకుని అప్పుడు అంది.

"నేను చెప్ప. నువ్వే చెప్పు. రేపు దవాఖానకు పోయి, ఆ కాగితం చేతుల పట్టుకొని చెప్పు. వండిన అన్నంతో రాదని డాక్టరమ్మ రాసిస్తది. అయినా వద్దంటే తగ్గేదాక నేనొక్కదాన్నే వండుత. నీ జాగాల ఇంకొకామె రాకుంట చూసుకుంట. గుడ్డ మాత్రం ఎవరిది వాళ్ళదే."

రెండో ఆమె ముక్కు చీది, తేలికపడి, నా వైపు తిరిగింది. "బావా, నువ్వు దారం పెట్టి కొలిచినవట గదా. ఆకు పారిందా, గోళీ పారిందా?"

నేను నోరు తెరిచాను. పసరు మచ్చ, ట్యూబు మచ్చ, సాక్షి, గోళీలు, నీళ్ళలో నానని చేతులు, ఎండ, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏదీ దేనితోనూ కలవలేదు.

"తెల్వదమ్మా" అన్నాను.

"దురద ఆగుతందుకు ఆకు నూరిస్త, డాక్టరమ్మ సరేనంటేనే" అంది నా భార్య, గోడ పక్కన చెట్టు కొమ్మ వంచుతూ. "గోళీలు మాత్రం మింగాల్సిందే."

"మరి ఒక మచ్చ వదలాల్నా బావా, సాక్షికి?"

నా భార్య కొమ్మ వదిలేసి వెనక్కి తిరిగింది. "ఒక్కటి గూడ వదలకు" అంది.